జయశ్రీ మేడంకు తెలియని తొవ్వ

చనిపోవడానికి ముందురోజు సాయంత్రం జయశ్రీ మేడం నాకు ఫోన్ చేసి, వనపర్తి నుంచి కొత్తకోటకు ఎట్లా పోవాలని అడిగింది. మా డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్న మనిషి. కొత్తకోట అరగంట దూరం. నేను అలవాటు ప్రకారం చెప్పాను, ఆమె అలవాటు ప్రకారం మర్చిపోతానంది. తెల్లవారి గుండె ఆగి వెళ్ళిపోయింది. ఆ ఒక్క తొవ్వ మాత్రం ఎవరినీ అడగలేదు.

మేడంకు దారులు గుర్తుండవు. ఫోన్‌లో మ్యాపు పెట్టిస్తే, “అండ్ల మాట్లాడే ఆమెకు నాకు పడది” అని ఆపేసేది. అందుకే ఎటు వెళ్ళినా స్కూటీ వెనక దారి చెప్పడానికి ఒక ఆడపిల్ల ఉండాల్సిందే. బయలుదేరేముందు బండి రేకును అరచేత్తో రెండుసార్లు దబదబా కొట్టేది. అట్లా కొడితేగాని అది మాట వినదు కాబోలు అనుకునేవాళ్ళం.

ఆ పిల్లను ఎంచుకోవడమూ ఆమెకు రాదని స్టాఫ్ రూంలో అందరి ఫిర్యాదు. ఊళ్ళన్నీ తిరిగిన చలాకీ పిల్లల్ని వదిలేసి, పరీక్ష తప్పి మొహం వేలాడేసుకున్న వాళ్ళనే ఎక్కించుకునేది. గలగలా మాట్లాడే గీత పరీక్ష తప్పినప్పుడు ఇద్దరూ కొత్తకోట ధాబాలో ఒక చాయ్‌తో తిరిగొచ్చారు. నోరు విప్పని పిల్లలతో మాత్రం అలంపూర్ దాకా పోయి, చీకటి పడ్డాక ఊడిపడేది.

మనీషాది బల్మూర్. చేరిన నాటి నుంచి ఆ పిల్ల గొంతు ఎవరమూ వినలేదు. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోయేసరికి సంచి సర్దుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడింది. చదువు మానేసి ఇంటికి పోతుందట. మేము చెప్పాల్సిన నీతులన్నీ చెప్పి అలసిపోయాం. అప్పుడు మేడం హెల్మెట్ పట్టుకుని వచ్చింది.

“బస్సు సాయంత్రం గూడ ఉంటది బిడ్డా. జర నన్ను గద్వాల తోలుకపో.”

ఎక్కించుకుని, నాగర్‌కర్నూల్ రోడ్డు పట్టింది. ఊరు దాటాక వెనక నుంచి మొదటిసారి గొంతు వినబడింది.

“మేడం, గిది మా ఊరి తొవ్వ. గద్వాలకు గిటు కాదు.”

“గట్లనా? నువ్వెట్లాగూ ఊరికి పోయేదానివేగా. గిట్లనే పోదాం.”

“మరి మీరు వాపస్ ఎట్ల వస్తరు?”

“అదే తెల్వదు బిడ్డా.”

ఇంటికి పోవాలని గేటు దాకా వచ్చిన పిల్ల, ఇంటి దారిలో ఉన్న బండిని తనే వెనక్కి మలిపించింది. గద్వాల దాకా కుడి, ఎడమ అని అరుస్తూనే ఉందట. తిరిగొచ్చాక, ఏమైందని అడిగితే గొంతు బొంగురుపోయి ఉంది.

“జయశ్రీ మేడంకు రేపు అలంపూర్ పోవాల్నంట. నేను లేకుంటె ఆమె యాడ తేల్తదో.”

సంచి విప్పేసింది. తర్వాత ఆ రెండు పేపర్లూ గట్టెక్కింది.

మేడం దినాలప్పుడు ఇదంతా ఆమె భర్త నరేందర్ గారికి చెప్పి, ఇంట్లో దారుల సంగతి ఎట్లా నెట్టుకొచ్చారని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

“ఆమెకు తొవ్వ తెల్వకపోవుడు ఏంది మేడం? లెక్చరర్ గాకముందు ఐదేండ్లు గీ రోడ్ల మీద బస్సు కండక్టర్ జేసింది. నిద్రల గూడ పెబ్బేరు దిగేటోళ్ళు ముందుకు రాండ్రి అంటుండె.”