ఏడో పెట్టెలో తోలు

దామోదర్ అన్నను సౌదీలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద వృత్తి అని ఉన్నచోట పదకొండేళ్లుగా ఒకటే మాట: ఆమిల్. అంటే కూలీ. ధర్మవరం దగ్గర తోలుబొమ్మలవాళ్ల ఇంట్లో పుట్టి, పదేళ్లకే మేకతోలు గీకడం నేర్చి, రావణుడి పది తలలకూ చిల్లులు పొడిచిన చెయ్యి ఆయనది. రియాద్‌లో ఆ చెయ్యి మ్యూజియం గాజు తుడుస్తోంది. మా కాంట్రాక్టు కంపెనీకి చేతులు చాలు. అవి అంతకుముందు ఏం చేశాయో ఎవరికీ అక్కర్లేదు.

నేను అక్కడే ఏసీ హెల్పర్‌ని. పేరు ముస్తాక్, ఊరు కడప. ఇంటర్ తప్పి, పాత పుస్తకాల బండి మీద దొరికిందల్లా చదివి వచ్చినవాణ్ణి.

ఈ చలికాలం యూరప్ నుంచి కొన్ని పుస్తకాలు ప్రదర్శనకు వచ్చాయి. పాత అరబ్బీ వైద్య గ్రంథాల మధ్య, ఏడో గాజుపెట్టెలో, ఏడు వందల ఏళ్లనాటి క్రైస్తవ ప్రార్థన పుస్తకం. తెరిచి పెట్టిన పేజీలో మొదటి అక్షరం అరచేయంత ఉంది. దాని కడుపులో మరియమ్మ, ఒళ్లో బిడ్డ. వెనక బంగారు రేకు. అంచున ద్రాక్షతీగ, తీగ మీద కుందేలును తరుముతున్న నత్త. వచ్చినవాళ్లు ఫోను ఎత్తి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు. దామోదర్ అన్న మాత్రం పొద్దున తలుపులు తెరవకముందు గాజు తుడుస్తూ ఒంగి, పక్కనుంచి చూసేవాడు. వెలుగు ఎటునుంచి పడుతోందో చూడకుండా తోలుబొమ్మల మనిషి దేన్నీ చూడడు.

"దూడతోలప్పా ఇది," అన్నాడు మొదటిరోజే. "గీకినోడు మొనగాడు. యాడా కత్తిగాటు లేదు సూడు."

"కాగితమన్నా అది. లిస్టు నేనే చదివినా."

"కాగితానికి వెంట్రుకల గుంతలుంటాయా నాయనా?"

నవ్వి ఊరుకున్నాను. ముసలాయనకు కనిపించిందల్లా తోలే అనుకున్నాను.

ఆ లిస్టు సంగతి చెప్పాలి. పెట్టెల అడుగున తేమను పట్టి ఉంచే గింజల పళ్లేలు ఉంటాయి. ఏ పెట్టెకు ఎంత తేమ ఉండాలో మ్యూజియం ఆఫీసు అరబ్బీలో రాసి పంపింది. మా ఇంజనీరు ధీరజ్ సార్‌కు అరబ్బీ రాదు. నాకు మక్తబ్‌లో, అంటే మసీదు బడిలో, నేర్చిన అక్షరాలు వచ్చు, అర్థాలు ఉర్దూ నుంచి ఊహిస్తాను. మిగతా అన్ని పెట్టెలకూ 'వరఖ్' అని ఉంది. మా ఇళ్లలో వరఖ్ అంటే పుస్తకంలో పేజీ. పక్కన నలభై రెండు శాతం. ఏడో పెట్టెకు మాత్రం 'రఖ్' అని ఉంది, పక్కన యాభై అయిదు. టైపు కొట్టినవాడు మొదటి అక్షరం మింగేశాడు, అక్షరం తప్పినవాడు అంకె తప్పడా అనుకుని రెంటినీ దిద్దాను. పళ్లెం మీద నా చేత్తోనే చీటీ అంటించాను: పేపర్, 42. కింద ధీరజ్ సార్ సంతకం పెట్టాడు.

మూడో వారం అన్న నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు.

"మూల పైకి లేస్తాండాది. దప్పికైతాందప్పా దానికి. ఇట్లే పెడితే బంగారు రేకు పగిలి రాలిపోతాది."

నిజమే, పేజీ మూల గోరంత లేచింది. ఇద్దరం ధీరజ్ సార్ క్యాబిన్‌కు వెళ్లాం. వెళ్లడానికి అన్న ఎంత తటపటాయించాడో నాకు తెలుసు. సార్ బల్ల సొరుగులోనే ఆయన కాగితం ఉంది. ఆమిల్ తీసేసి 'ఫన్నీ' చేయమని సిఫారసు. అరబ్బీలో ఫన్నీ అంటే టెక్నీషియన్. ఆ మాట మొదట విన్నప్పుడు "కూలీగా ఉన్నప్పుడే కదప్పా నేను ఫన్నీ" అని పగలబడి నవ్వాడు. కానీ అది వస్తే తొడుగులు వేసుకుని పెట్టెలు తెరిచే గదిలోకి వెళ్లొచ్చు. తోలును చేత్తో ముట్టుకోవచ్చు. ఆయనకు కావలసింది అదొక్కటే.

"హౌస్‌కీపింగ్ వాళ్లు కన్జర్వేషన్ గురించి చెప్తే ఎలా?" అన్నాడు ధీరజ్ సార్, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. "షీట్‌లో ఫార్టీ టూ. సెన్సార్ ఫార్టీ టూ. ఇష్యూ ఏముంది?"

"సార్, అది తోలు సార్. తోలుకు నీళ్లు కావాల."

"దామోదర్ గారూ, మీ లెటర్ నా దగ్గరే ఉంది. నెలాఖరుకి సైన్ చేద్దామనుకుంటున్నా. అనవసరంగా కాంప్లికేట్ చేయకండి."

అన్న నావైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

శుక్రవారం సెలవు రోజు బతా బజారుకు వెళ్లాను. అక్కడ పుస్తకాల కొట్టు నడిపే హైదరాబాదీ గులాం మొహిద్దీన్ చాచాను అడిగాను, రఖ్ అంటే ఏమిటని.

"అరే మియా, రోజూ ఖురాన్ చదువుతవ్, గా మాట తెల్వదా? తోలు! కాగితం లేనప్పుడు తోలు మీదనే రాసేటోళ్లు. వరఖ్ వేరే, రఖ్ వేరే. ఎవడన్న గలత్ చదివిండా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

చిన్నప్పుడు మక్తబ్‌లో ఊగుతూ వందసార్లు వల్లించిన మాట అది. ఒక్కసారీ అర్థం అడగలేదు.

సెలవులయ్యాక ఆదివారం పొద్దున ధీరజ్ సార్ క్యాబిన్ దాకా రెండుసార్లు వెళ్లి, తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చాను. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం కూడా ఆ సొరుగులోనే ఉంది. మూడోసారి వెళ్లేలోపే కింద అలారం మోగింది.

దామోదర్ అన్న ఏడో పెట్టె కాళ్ల దగ్గర బకెట్టు పెట్టాడు. నిండా నీళ్లు, అంచుల మీద నాలుగు తడిగుడ్డలు. ఎండాకాలం ఆటకు ముందు బొమ్మల పెట్టె పక్కన తడి గోనెలు పరిచేవాడట వాళ్ల నాయన. గదిలో తేమ మీటరు ఎగిరింది. అరువు వస్తువు పక్కన నీళ్లు! సెక్యూరిటీ పరుగెత్తుకొచ్చింది, పుస్తకంతో వచ్చిన యూరప్ సంరక్షకురాలు వచ్చింది. పెట్టె తెరిపించి లేచిన మూలను చూసి, వెంటనే పళ్లెం బయటికి లాగింది. తోలుకు ఈ పళ్లెం ఎవరు పెట్టారని అడిగింది.

అలారం విని నా వెనకే దిగివచ్చిన ధీరజ్ సార్ ఆమె కంటే ముందు చీటీ చూశాడు. పీకి జేబులో పెట్టుకున్నాడు. "మా టీమ్ ముందే గమనించింది మేడమ్, ఇవాళే మార్చబోతున్నాం," అన్నాడు ఇంగ్లీషులో. స్క్రూల డబ్బా పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. ఆ టీమ్‌లో నేనూ ఉన్నాను మరి.

పళ్లెం మార్చారు. బంగారం నిలిచింది. బకెట్టు పెట్టినందుకు దామోదర్ అన్నకు వార్నింగ్ కాగితం వచ్చింది, ఉత్తరాన ఎక్కడో ఉన్న తబూక్‌కు బదిలీ వచ్చింది. అక్కడ ఒక వ్యవసాయ ఫారం కూలీల క్వార్టర్లు ఊడవాలి. సొరుగులో కాగితం సొరుగులోనే పోయింది.

బస్సు దగ్గర చెప్పేశాను.

"అన్నా, ఆ చీటీ రాసింది నేనే. మాట తప్పు చదివినా."

"తెల్సులేప్పా," అన్నాడు సంచీ కిందపెట్టి. "పళ్లెం బైటికి లాగినప్పుడే సూసినా. నీ రాత నాకు తెలీదా? రెండేండ్లాయె నా రూము తలుపు మీద నీళ్ల పంపు టైములు రాయబట్టి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?"

"సెప్తే ఇద్దురం తబూక్ పోతాంటిమి. నువ్వు వంట కూడా సెయ్యలేవు." నవ్వబోయి ఆగిపోయాడు. "ఒక్క పని సెయ్. ఆ లిస్టులో తోలని దిద్దు. మళ్లా ఇంగొగడు ఎండగడతాడు దాన్ని."

ఆ మధ్యాహ్నమే దిద్దాను. జరిగింది మొత్తం ఒక పేజీ రాసి, కింద నా పేరు రాసి, ధీరజ్ సార్‌కు ఒకటి, మ్యూజియం ఆఫీసుకు ఒకటి ఇచ్చాను. ఎవరైనా పిలుస్తారని రోజూ చూశాను. ఎవరూ పిలవలేదు. ఆఫీసులో నా పేజీని ఫైల్లో పెట్టామన్నారు. ధీరజ్ సార్ మాత్రం, "నీకు అరబ్బీ వచ్చు కదా, టెక్నీషియన్‌కి నీ పేరు పంపా," అన్నాడు. వద్దనలేదు నేను. అదీ రాయాలి కదా.

ప్రదర్శన ముగిసేనాటికి నా కార్డు మీద ఫన్నీ అని వచ్చింది. తొడుగులు ఇచ్చారు. ఏడో పెట్టెలోని పుస్తకాన్ని నేనే డబ్బాలో కట్టాను. ఆ మూల పూర్తిగా దిగలేదు, పట్టుకుంటే వేలికింద చిన్న గుంతలు తగిలాయి. కట్టిన డబ్బా మీద అతికించడానికి పైనుంచి అచ్చు లేబుల్ వచ్చింది: పేపర్.

పెన్నుతో కొట్టేసి, తోలు అని ఇంగ్లీషులో రాశాను.

"ప్రింటెడ్ లేబుల్ మీద గీతలేంటి ముస్తాక్?" అని ధీరజ్ సార్ కొత్తది తెప్పించి, దానిమీద సాఫీగా అతికించాడు. అదే లేబుల్.