ప్రెస్సులోంచి వచ్చిన ఆమెన్

ఒట్టు పెట్టడం మా క్రైస్తవులకు నిషేధం. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. కాబట్టి ఒట్టేయను. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది.

అమెరికాలో, అరోరా ఊరి నుంచి గంట దూరంలో, మొక్కజొన్న చేల మధ్య, అవిసె నూనె తీసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. అక్కడి హైడ్రాలిక్ ప్రెస్సు కంట్రోల్స్ చూసేది నేనూ, వరంగల్ శ్రీనూ. పగలు మిషను ఆగదు, అందుకే రిపేర్లు రాత్రిపూట. మనిషి నిలువునా పట్టేంత ప్రెస్సు అది. ఇనుప పలకల మధ్య గింజలు పోస్తారు. కింద నుంచి పిస్టన్ లేస్తుంది... పలకలు దగ్గరవుతాయి... నూనె కారుతుంది.

మిషనులో చెయ్యి పెట్టేవాడు ముందు మెయిన్ స్విచ్‌కి తన తాళం వేయాలి. ఎవరి తాళం వాళ్లే తీయాలి. తాళం లేదంటే లోపల మనిషి లేడని అర్థం.

ఆ రాత్రి పని అయిపోయింది. శ్రీను తన తాళం తీసేశాడు.

"కాఫీ తెస్తా అన్నా. నువ్వు నీ ప్రేయర్ చేసుకో. మిషన్‌కి గూడ బాప్తిస్మం ఇస్తవేమో!"

"ముందు నీకే ఇస్తా రా," అన్నాను. నవ్వుకుంటూ వెళ్లాడు.

నేనూ నా తాళం తీశాను. "క్లియర్?" అని రెండుసార్లు అరిచాను. జవాబు లేదు. ప్రెస్సు నడిపి చూద్దామని బటన్ మీద వేలు పెట్టి, ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాను. యేసు చివరి రాత్రి ప్రార్థించిన తోట గెత్సేమనే, ఆ పేరుకి అర్థం నూనె గానుగ అని మా పాస్టరుగారు చెప్పేవారు. ఆ మాట విన్నవాణ్ని, ప్రెస్సు ముందు ప్రార్థించకుండా ఎలా ఉంటాను?

"ప్రభువా, ఈ పని మీద నీ చెయ్యి ఉంచు..."

టప్... టప్...

ఎక్కడో చుక్క పడుతోంది. పలకలన్నీ పొడిగా తుడిచింది మేమే.

టప్... టప్...

ఆగిపోయింది.

"...ఆమెన్."

నేను అనలేదు. నా ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. పలకల లోపలినుంచి... ముసలి గొంతు. అలసిపోయిన గొంతు. సంఘంలో వెనక వరుస పెద్దలు అంటారే, అచ్చం అలా సాగదీసి...

వేలు వెనక్కి లాక్కున్నాను. మెడ మీద వెచ్చటి గాలి... పచ్చి గింజల వాసన. యేసు రక్తం, యేసు రక్తం అనుకుంటూ ప్రెస్సు వెనక్కి వెళ్లాను.

శ్రీను. భుజం దాకా పలకల మధ్యలో ఉన్నాడు.

నన్ను చూసి చెయ్యి బయటికి తీశాడు. "పానా లోపల్నే మర్చిపోయి మళ్లొచ్చిన అన్నా," అన్నాడు, చెవుల్లోంచి ఇయర్‌ప్లగ్స్ తీస్తూ. "గట్ల సూస్తున్నవేంది?"

"నీ తాళమేది రా?"

జేబు తడుముకున్నాడు. తాళం అక్కడే ఉంది. ముఖం పాలిపోయింది.

"ఆమెన్ అన్నది నువ్వేనా?"

"నేనా? నేనెందుకంటనే!" అని, గొంతు తగ్గించాడు. "లోపల... ఎవలున్నరన్నా?"

టార్చి వేసి చూశాం. పొడి ఇనుము. ఒక్క చుక్క లేదు.

దేవదూతే అంటుంది మా ఆవిడ. కావచ్చు. శ్రీను బతికాడు. కానీ ప్రతి ఆత్మనూ నమ్మకూడదని నేర్చుకున్నవాణ్ని నేను. దేవదూత గొంతులో అంత అలసట ఎందుకుంటుంది?

ఇప్పటికీ ప్రెస్సు ముందు ప్రార్థిస్తాను. కళ్లు మాత్రం మూయను. ఆమెన్ నేనే గబగబా అనేస్తాను... ఇంకెవరూ అనకముందే. అన్నాక, బటన్ నొక్కకుండా కాసేపు అలాగే నిలబడతాను.

ఎవరికోసమో... నాకే తెలియదు.