కంట్లో చుక్కలు వేసిన రోజు

మొన్న ఆదోనిలో కంటి పరీక్షకు పోతే, నర్సమ్మ చుక్కల సీసా పట్టుకొని, "తోడెవరొచ్చినారవ్వా?" అని అడిగింది. నీటికాసుల జబ్బు లేదు గదా అని ముందే కనుక్కుంది. ఇది వేస్తే కంటిపాప పెద్దదవుతుందట, దగ్గరివి మసకేస్తాయట, ఎండ గుచ్చుకుంటుందట, ఒంటరిగా రోడ్డు దాటకూడదట. నొప్పి పుడితే వెంటనే రావాలట. "కోడలొచ్చింది" అన్నాను. ఆ మాటలన్నీ నేనెప్పుడో విన్నవే.

మా ఆయన నాకు మేనమామే. పందొమ్మిది వందల డెబ్బైలలో ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. తెగిన నూలు పోగు కంటికి ఆనడం లేదని ఆయనకు దిగులు పట్టుకుంది. కండ్లు పోతే మగ్గం పోయినట్టే, ఇంక మేం తినేదేముంది? ఆదోని డాక్టరు చుక్కలు వేసి, దీపం పెట్టి చూసి, "కన్ను బాగుంది, అద్దాలు చాలు. మందు దిగేదాకా సైకిలెక్కొద్దు, మగ్గం జోలికి పోవద్దు" అన్నాడు.

ఎమ్మిగనూరులో బస్సు దిగితే ఎండ మండిపోతోంది. పొద్దున పెట్టిపోయిన సైకిలు బస్టాండు దగ్గర అంగట్లోనే వదిలేశాం. ఎప్పుడూ నన్ను వెనకొదిలేసి గబగబా పోయే మనిషి, నా కొంగు తలమీద కప్పుకొని, నా చెయ్యి పట్టుకొని నడిచాడు. పెళ్లయ్యాక వీధిలో చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నాకు అత్తయిన మా అవ్వ గడపలోనే నవ్వింది. "ఏమే, నా కొడుకుని కొంగుకు కట్టుకొనే వచ్చినావా?"

చెప్పిన మాట వింటే ఆయన నేతగాడెందుకవుతాడు! నేను నీళ్లు తెచ్చేలోగా మగ్గం గుంటలో దిగి, పోగు అతకబోయాడు. వేళ్లకు తగులుతోంది, కంటికి లేదు. "డాక్టరు ధైర్యానికి సెప్పినాడే. నా కండ్లు పోయినాయి" అని ఏడ్చాడు. గుంట గట్టున కూర్చొని మళ్లీ ఆ చెయ్యే పట్టుకున్నాను. "మందు దిగలే మామా. రేపటికి కనపడతాది. కనపడకుంటే నన్నడుగు."

తెల్లారి పోగు, మునుపటిలా మసగ్గానైనా, కనపడింది. "కనపడిందే!" అని కేకేశాడు. ఆ సాయంత్రం సైకిలు తేవడానికి పోతూ, ఎప్పటిలాగే నన్ను వెనకొదిలేసి గబగబా నడిచాడు. సంతోషించాను గానీ, ఇంకొక్క పూట మందు దిగకుంటే ఏం పోయేదబ్బా అనుకున్నాను.

మొన్న ఆస్పత్రి మెట్ల మీద కోడలు గొడుగు పట్టి నా చెయ్యందుకుంది. మంచి పిల్ల. ఎండలో అంతా తెల్లగా మసకేసింది. ఆయన ముందు నడిచి పోయి ఎన్నేళ్లో అయింది, నాకు మాత్రం ఆ పూట మందు ఇంకా దిగలేదు.