ఫ్యాన్లు తినే కరెంటు

పోయిన సోమవారం మా పెద్దమ్మ పోయిందని గోరంట్ల నుంచి ఫోను వచ్చింది. అమ్మకు అక్క, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఏడ్చాను. ఏడుపు తగ్గాక గుర్తొచ్చినవి మాత్రం ఆమె వేసిన ప్రశ్నలే. ఏదీ ఊరికే నమ్మేది కాదు. దేవుడి పటం కొన్నా తిప్పి వెనక అట్ట చూసేది.

తొంభైల చివర్లో మా కొండమీద గాలిమరలు లేచాయి. ఊళ్లో అందరికీ అవి ఫ్యాన్లే. నేను అప్పుడే సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేరి, అన్నీ తెలిసినట్టు తిరుగుతున్నాను. ఆషాఢంలో ఒకరోజు పెద్దమ్మ నేరుగా అక్కడికే వచ్చింది.

“ఏమప్పా, ఆ ఫ్యాన్లు మన కరెంటు తింటాండాయి. గాలి లేచినప్పుడే నా బోరు మోటారు మూల్గుతాండాది.”

“అవి కరెంటు పుట్టిచ్చేటివి పెద్దమ్మా, తినేటివి కాదు,” అని పగలబడి నవ్వాను.

“నీకు పుస్తకం చెప్పిండాది, నాకు మోటారు చెప్పిండాది. ఏది అబద్ధమో నువ్వే చూడు,” అని వెళ్లిపోయింది.

నేను చూడలేదు. వారం తిరక్కుండా ఆమె మోటారు కాలిపోయింది. బోరు కింద టమేటా తోట అప్పుడు పూతమీద ఉంది.

సిగ్గుపడి వోల్టేజి మీటరు ముందు కూర్చున్నాను. కొండమీద రెక్కలు జోరందుకోగానే ముల్లు కిందికి దిగింది. గాలి తగ్గితే లేచింది. మా ఇంజనీరు విని నవ్వలేదు. ఆ పాతరకం యంత్రాలు కరెంటు పుట్టించాలంటే ముందు లోపల అయస్కాంతం తయారవ్వాలట. దానికి కావలసింది మా లైనులోంచే గుంజుకుంటాయి. ఆ గుంజుడు లైనుమీద పడకుండా పెట్టిన కెపాసిటర్లలో సగం పాడై ఉన్నాయి. పెద్దమ్మ చెవికి అందింది నా చదువుకు అందలేదు.

వాటిని మార్చేసరికి తోట ఎండిపోయింది. పోయి అంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె తిట్టలేదు.

“తిని పెడతాండాయన్న మాట. ఎనుమూ అంతే గదరా, మేత లేకుండా పాలిస్తాదా?”

ఆ తర్వాత ఏ రైతు ఏం చెప్పినా ముందు మీటరు చూసి, అప్పుడే నోరు తెరిచాను. ఆ బుద్ధి ఆమె పెట్టిందే.

నేను తప్పు ఒప్పుకున్న రోజే పెద్దమ్మ, కాలిన వైండింగు మళ్లీ కట్టించి తెచ్చిన మోటారు బిగింపించి స్టార్టరు నొక్కింది. గాలి హోరుమంటున్నా మోటారు మూలగలేదు. నీళ్లు పైపులోంచి దుమికి ఎండిన టమేటా కట్టెల మధ్యకు పారాయి. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

పెద్దమ్మ కాలువలో పాదాలు పెట్టి నిలబడింది. “ఈ గాలి నిలిచిపోతే కరెంటు యాడనుంచి వస్తాది?”

“దూరాన బొగ్గు కాల్చే చోటి నుంచి, డ్యాముల నుంచి.”

“మనకు గాలి ఎక్కువైతే ఆడికి మనదీ పోతాదా?”

“పోతాది.”

నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, స్తంభం నుంచి స్తంభానికి పోయే కరెంటు తీగ వెంట కనిపించినంత దూరం చూసింది. నీళ్లు ఆమె పాదాలు దాటి, ఎండిన సాళ్ల చివరిదాకా పోయాయి.