కంది పూత కోసం వెళ్లి కదిపిన రాయి

మా అమ్మకు ఒక పసుపు కావాలి. గద్వాలలో మా ఇంట్లో మగ్గాలు నడుస్తాయి. నేసేది అమ్మా నాన్నా, ఆ చీరలకు ఫోటోలు తీసి కొనేవాళ్లకు పంపేది నేను. ఈ మధ్య అద్దకం ఆయన ఏ పసుపు నూలు తెచ్చినా అమ్మ మొహం చిట్లిస్తోంది. "ఇది గోడకు ఏసే పసుపు. నాకు కంది పూత పసుపు గావాలె. పువ్వు ఎనక సన్నగ ఎర్ర గీతలుంటయి సూడు, గా పసుపు," అంటుంది. ఫోన్లో ఎవరో తీసిన కంది పూలు చూపిస్తే తల తిప్పేసింది. ఎట్లాగూ ఆదివారాలు కెమెరా పట్టుకుని ఊరి చుట్టుపక్కల తిరుగుతుంటావు కదా, నువ్వే పోయి ఫోటో తీసుకురా అని తేల్చేసింది. ఇన్నాళ్లూ సంతలో ఉల్లిగడ్డల కుప్పలు, కృష్ణ ఒడ్డున ఆరేసిన బట్టలు, నీటి మీద కొంగలు, ఇవే నా ఫోటోలు. ఇంకొంచెం దగ్గరికెళ్లి తీయొచ్చు కదా అని మీలో కొందరు అడుగుతుంటారు. దగ్గరికెళ్లాలంటే నాకు భయం. కుక్క మొరిగితే సందు మార్చే మనిషిని. ఈ పోస్టు చదివాక మీకే అర్థమవుతుంది, ఆ భయం ఊరికే రాలేదని.

నవంబరులో కంది బాగా పూతకొస్తుంది. కోడేరు వైపు ఎర్రనేలల్లో చేలు పచ్చగా, పసుప్పచ్చగా ఉన్నాయని తెలిసి ఒక ఆదివారం పొద్దున ఐదింటి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. సంచిలోంచి పొడుచుకొచ్చిన ట్రైపాడ్ చూసి కండక్టర్ "ఏందమ్మా గది, తుపాకా?" అన్నాడు. నవ్వాను గానీ, ఆ మాట ఎందుకో బాగా అనిపించలేదు. బీచుపల్లి వంతెన మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే కింద కృష్ణ ఉన్నట్టే తెలియలేదు. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయలేదు, నేను ముందు సీటు కడ్డీ మీద చెయ్యి తీయలేదు. వనపర్తిలో దిగేసరికి ఆరున్నర. బస్టాండు బయట ఇడ్లీ తిని, చాయ్ తాగి, ఒక ఆటో మాట్లాడుకున్నాను. మధ్యాహ్నానికి తిరిగి దింపేట్టు తొమ్మిది వందలు. ఆటో నడిపే యాదన్నకు యాభై దాటి ఉంటాయి. "కంది పూత సూడనీకె ఆటో కట్టుకోని పోతరా బిడ్డా? మా ఇంటెన్క శానుంది, ఫిరీగ సూపిస్తుంటి," అన్నాడు. ఆయన ఇంటి వెనక చూసి తిరిగి వచ్చేసి ఉంటే ఎంత బాగుండేదో.

గంటకు పైగా ప్రయాణం. దారి బాగానే ఉంది, ఊళ్లు దాటేటప్పుడు మాత్రం మేకల మందలు అడ్డమొస్తాయి, అప్పుడు తొందరపడి లాభం లేదు. కోడేరు ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్కన నాకు కావలసిన చేను కనపడింది. మంచు అప్పుడే విడుతోంది, ఎండ ఏటవాలుగా పడి పూలన్నీ లోపలి నుంచి వెలుగుతున్నట్టున్నాయి. యాదన్న ఆటో నీడలో పెట్టి కాళ్లు చాపుకున్నాడు. నేను ట్రైపాడ్ మోసుకుంటూ చేల మధ్యకు నడిచాను. ఒక పక్క జొన్న, ఇంకో పక్క కంది. మధ్యలో గట్టు, ఆ ఏటి వానలకు సగం కొట్టుకుపోయింది. జొన్న వైపు తడి మట్టిలో ట్రైపాడ్ కాళ్లు దించి, కంది వైపు కెమెరా తిప్పి మొదటి ఫోటో తీశాను. రంగు అమ్మ చెప్పిందే. అయితే ఫోటో కింది భాగంలో, గట్టు మీద, సున్నం పూసిన రాయి ఒకటి కళ్లు మిరుమిట్లు గొలిపేలా మెరుస్తోంది. చూపు పువ్వు మీదికి పోకుండా రాయి మీదికే పోతోంది.

మా ఇంట్లో మగ్గమే గానీ మడి లేదు. చీర అంచు ఒక్క పోగు తప్పితే కనిపెడతాను, రాయిని చూస్తే నాకు రాయి మాత్రమే కనిపిస్తుంది. వానలకు అప్పటికే వదులైపోయి ఉంది. కాలితో రెండుసార్లు తోస్తే దొర్లి కంది సాళ్లలోకి పోయి కనపడకుండా పడింది. గట్టు మీద మట్టి చెప్పుతో చదును చేసి, హాయిగా ఫోటోలు తీసుకున్నాను. తేనెటీగ ఒకటి పువ్వు మీద వాలితే దాన్నీ తీశాను.

"రాయేది?"

వెనక్కి తిరిగితే కొడవలి పట్టుకుని ఒక పెద్దమ్మ నిలబడి ఉంది. పేరు బాలమ్మ అనుకోండి. ఆమె నన్ను చూడటం లేదు, గట్టు మీద నేను చదును చేసిన చోటు చూస్తోంది. "ఈడ తెల్లరాయి ఉండె. గెట్టురాయి. ఏమైంది?"

గెట్టురాయి అంటే రెండు చేల మధ్య హద్దురాయి. ఏం చేశానో అర్థమైంది. అప్పుడే నిజం చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ భయస్తులకు మొదట నోట్లోంచి వచ్చేది అబద్ధమే. "ఏ రాయి పెద్దమ్మా? నేను సూడలే," అన్నాను.

ఆమె అప్పుడు ట్రైపాడ్ వైపు చూసింది. "గీ మూడుకాళ్ల మిషన్ ఏంది? సర్వే చేస్తున్నవా? ఎవలు పిల్సిండ్రు నిన్ను?" అని, నా జవాబు కోసం ఆగకుండా చేను వైపు తిరిగి గొంతెత్తి పిలిచింది. "ఓ మావా, జల్ది రా. నీ తమ్ముడు సర్వేదాన్ని తెచ్చి రాయి పీకిచ్చిండు."

కంది చేలోంచి ఆమె భర్త రాములు వచ్చాడు, నెరిసిన జుట్టు, చేతిలో కట్టె. సాళ్ల మధ్య పడి ఉన్న రాయి ఆయనకు దారిలోనే కనిపించింది. "మన చేన్ల పడేసిండు సూడు. గెట్టు మన దిక్కు జరుపుతుండు," అంది బాలమ్మ. అంతలో జొన్నలోంచి తమ్ముడు వెంకటయ్య వచ్చాడు. కంచెకు ముళ్లకంప కొడుతున్నాడేమో, చేతిలో గొడ్డలి ఉంది. నేను సరిగ్గా ఇద్దరి నడుమ గట్టు మీద ఉన్నాను. అటు కట్టె, ఇటు గొడ్డలి.

విచిత్రమేమంటే అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. "రాయి ఎందుకు ముట్టిండో అడుగు వాన్ని," అన్నాడు రాములు భార్యతో. "నేను ముట్టలేదని జెప్పు," అన్నాడు వెంకటయ్య నాతో. "అబద్ధాలాడొద్దని జెప్పు." "రాత్రికి రాత్రి రాయి నేనెందుకు జరుపుత? గా పని ఎవలికి అలవాటో ఊరందరికి ఎరుకనే అని జెప్పు." ఒక్కో మాటకూ ఒక్కో అడుగు ముందుకు పడుతోంది. గొడ్డలి పిడి మీద వెంకటయ్య వేళ్లు బిగుసుకోవడం చూశాను. ఆ కుడిచేతి మణికట్టు కాస్త వంకరగా ఉంది. నా అబద్ధం ఒకటి వీళ్ల నెత్తురు కళ్ల చూసేలా ఉందనిపించింది.

"నేనే జరిపిన," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. "ఎందుకు?" అన్నాడు రాములు.

"ఫోటోల అడ్డమొచ్చింది."

"అడ్డమొచ్చిందా," అన్నాడు వెంకటయ్య. అరిచి ఉంటే అంత భయమేసేది కాదు, మెల్లగా అన్నాడు. బాలమ్మ నమ్మలేదు. ఎవరు జరపమన్నారో చెప్పేదాకా కదలనివ్వనని నా సంచి పట్టుకుంది. కేకలు విని యాదన్న పరిగెత్తుకొచ్చాడు. "గద్వాల మగ్గపోళ్ల పిల్ల అక్కా. గెట్టు గిట్టు దానికి తెల్వదు. పూల ఫోటోలు తియ్యనీకె వచ్చింది," అని బతిమాలాడు. ఫోటో అనేసరికి నాకు గుర్తొచ్చింది. రాయి కదపక ముందు తీసిన మొదటి ఫోటో ఉంది. తడి మట్టిలో ట్రైపాడ్ కాళ్ల గుంటలు ఇంకా అట్లాగే ఉన్నాయి. కెమెరాను అదే చోట పెట్టి, ఆ ఫోటో చూసుకుంటూ చెబితే రాయి ఎక్కడుండెనో అక్కడికి తేవచ్చు. యాదన్న కెమెరా పట్టుకున్నాడు, నేను బటన్ నొక్కాను. చిన్న తెర మీద తెల్లరాయి మెరిసింది. పొద్దున నాకు కంటగింపుగా ఉన్న ఆ మెరుపే అప్పుడు ప్రాణం లేచొచ్చేలా చేసింది.

కట్టె, గొడ్డలి పక్కన పడ్డాయి. నేను దొర్లించిన రాయే గానీ, సాళ్లలోంచి గట్టు మీదికి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. మొదట యాదన్న వంగాడు. "పరాయోళ్లు ముట్టొద్దు," అన్నారు అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి. చెరో పక్క పట్టుకున్నారు. నేను కెమెరాలో చూస్తూ చెబుతుంటే జరుగుతున్నారు. అప్పుడు కూడా మాటలు నా ద్వారానే. "జర పైకి లేపమను." "తొందర వద్దను." రాయి గట్టెక్కింది. "ఇంక జర జొన్న దిక్కు. ఒక జానెడు," అన్నాను. వెంకటయ్య వంకర చెయ్యి గజగజ వణుకుతోంది, మొహం ఎర్రబడింది. రాములు ఆ చేతినే చూస్తున్నాడు.

"సాలు, దించమను," అన్నాడు.

"ఇంక జానెడు అంటుంది గద ఆమె," అన్నాడు తమ్ముడు.

"సాలు. దించమను."

దించేశారు. జానెడు నేల అన్న వైపు నుంచి తమ్ముడి వైపు పోయింది. బాలమ్మ నా సంచి వదిలేసింది. ఇప్పుడు ఇంకో కొట్లాట మొదలవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. రాయికి అటొకరు ఇటొకరు నిలబడి, సాక్ష్యానికి ఇంకో ఫోటో తీయమన్నారు. తీశాను, ఇద్దరూ నవ్వలేదు. సామాను సర్దుకుంటుంటే రాములు దగ్గరికొచ్చాడు. "గీ రెండోదే మా ఇద్దరికి ఇయ్యి. ముందటిది ఎవలకు సూపియ్యకు," అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. తలూపి ఆటో దాకా దాదాపు పరిగెత్తాను.

తిరుగుదారిలో యాదన్న చెప్పాడు. నీళ్లిస్తూ బాలమ్మ అంతా చెప్పిందట. కొన్నేళ్ల కింద ఇదే గెట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నారు. తమ్ముడి చెయ్యి విరిగింది, నెలల తరబడి దవాఖాన చుట్టూ తిరిగినా సక్కగా అతకలేదు. పెద్దమనుషులు కూర్చుని ఆ రాయి పెట్టించారు. అప్పటి నుంచి మాటల్లేవు. "విరగ్గొట్టింది ఎవరు?" అని అడిగాను.

"ఎవలు బిడ్డా, అన్ననే."

వనపర్తిలో దిగాం. రెండో ఫోటో అక్కడే స్టూడియోలో రెండు ప్రింట్లు తీయించి, అన్నదమ్ములకు చేర్చమని యాదన్న చేతికిచ్చాను.

ఇంటికొచ్చాక మొదటి ఫోటో కంప్యూటర్లో తెరిచాను. రెండింటినీ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది, రాయి జానెడు తప్పింది. ఊరి పేరు రాయలేదు, పేర్లన్నీ మార్చాను, అయినా ఈ నాలుగు ముక్కలు రాయడానికి భయంగానే ఉంది. తేలు కుట్టినా, పాము కనపడినా ఆ భయం ఆ పూటతో పోతుంది. ఎవరో అన్నదమ్ముల మధ్య జానెడు నేల నా మెమరీ కార్డులో ఉందన్న భయం అట్లా పోదు. అమ్మ వచ్చి వెనక నిలబడి "ఇదే పసుపు" అంది. తర్వాత "ఈ తెల్లది ఏంది?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను. "జానెడు ఇడ్సిపెట్టిండా," అని మగ్గం మీదికి వెళ్లిపోయింది. నేను ఆ ఫోటోలో కింది భాగం, రాయి ఉన్నంత మేరా, కత్తిరించి పారేశాను. అసలుది కూడా తీసేశాను. ఇప్పుడు మీరు పైన చూస్తున్న కంది పూలు ఆ మిగిలిన ముక్కే. నాకు పొద్దున కావలసింది సరిగ్గా ఇదే, రాయి లేని ఫోటో. ఇంట్లో కూర్చుంటే రెండు క్షణాల పని.

మీరూ ఈ వైపు చేలల్లో ఫోటోలకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. ట్రైపాడ్ దించే ముందు అక్కడున్న మనిషిని పిలిచి ఎందుకొచ్చారో చెప్పండి. ఫోటోకు రాయి అడ్డమొస్తే రాయిని జరపకండి, మీరే జరగండి.