ఎదుటి పార్టీ నంబరు

బోరు అప్పుకు జామీను సంతకం పెడతానని మాటిచ్చిన సొంత మనిషి ఊళ్లో ఫ్యాక్షన్ పార్టీ పెద్దకు భయపడి బ్యాంకుకు రాలేదు. ముప్పై ఏళ్ల కిందట నా చీనీతోట అలా ఎండిపోయింది. ఆ తర్వాత ఎవరినీ సంతకం అడగలేదు.

నా భార్య ఇన్సులిన్‌ను ఇన్నాళ్లూ తడి ఇసుక కుండలో దాచాం. ఈ ఎండలకు అది పాడవుతోందని, ఈరోజు ప్రొద్దుటూరులో నెలనెలా కట్టే కంతుల మీద ఫ్రిజ్ కొనబోయాను. అంగట్లో అమ్మాయి రెఫరెన్సుకు ఒకరి పేరు, ఫోన్ నంబరు అడిగింది.

"నాకు జామీను ఉండేవాళ్లు ఎవరూ లేరమ్మా" అని లేచాను.

ఫ్యాను కొనడానికి వచ్చిన నాగన్న అది విన్నాడు. మా ఊరే, ఎదుటి పార్టీ. ఫ్యాక్షన్ రోజుల్లో మేమిద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం కాదు.

"యాడికి పోతాండావు మామా? కూచో. పాపా, నా నంబరు రాసుకో."

"నేను కట్టకుంటే నీ మీద పడతారప్పా."

"పడనీలే. బాంబులకే బెదరనోళ్లం, ఫోనుకు బెదరాల్నా?"

సాయంత్రానికి ఫ్రిజ్ వచ్చింది. ఇన్సులిన్ చల్లగా ఉంది. నాగన్నా, నీకు దండం. ఇన్ని పుస్తకాలు చదివీ నావాళ్లెవరో తెలుసుకోవడానికి ఫ్రిజ్ అంగడికి పోవాల్సివచ్చింది. మీకూ ఇలా జరిగిందా? కామెంట్లలో రాయండి.

ఆనాడు బ్యాంకుకు రాని మనిషి పేరు ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. ఈరోజు రాస్తున్నాను: మా బావ ఓబులేసు.