ఇం-పా-జి-బుల్

ఎండకు కాగిన రేకుల వాసన తగిలితే నాకు ఇంగ్లీషు గుర్తొస్తుంది. మిగతావాళ్లకు వానలూ మల్లెపూలూ గుర్తొస్తాయట, ఎవరి అదృష్టం వాళ్లది. నారాయణఖేడ్‌లో బస్వరాజ్ సార్ మాకు ట్యూషన్ చెప్పింది కిటికీ లేని ఒక రేకుల గదిలో. తలుపు గొళ్లెం సార్‌కి తప్ప ఎవరికీ అందదు. ఎండాకాలమంతా, పొద్దున జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, పన్నెండుమందిమి ఒకరి చెమట ఒకరికి పూసుకుంటూ కూర్చుని ఇంగ్లీషు మాటల్ని ముక్కలు కోసేవాళ్లం: ముక్కకో చప్పట, నొక్కి పలకాల్సిన ముక్క, అంటే బరువు పడే ముక్క దగ్గర బల్ల మీద ఒక గుద్దు.

ఒక ఆదివారం మా ఇంటిల్లిపాదీ బోరంచ పోచమ్మ గుడికి మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరారు. బోనం, బలివ్వాల్సిన యాట, అమ్మమ్మ, అన్నీ మామ ఆటోలో ఎక్కేశాయి. నేనొక్కదాన్నే గొళ్లెం ఇవతల. సార్‌కి మర్నాడు హైదరాబాద్‌లో ఒక పెద్ద బడిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ‘ఇంపాజిబుల్’లో బరువు ‘పా’ మీద పడాలని పుస్తకంలో గుర్తు పెట్టి ఉంది. సార్ నోట్లో మాత్రం అది ముందున్న ‘ఇం’ మీదే ధబ్బున కూలబడుతోంది. సరిగ్గా పడినప్పుడు చెయ్యెత్తే పని నాది. నా చెవి మంచిదని సార్ నమ్మకం.

“ఇగ విను బిడ్డా. ఇంపాజిబుల్.”

‘ఇం’ మీదే.

“గిప్పుడు?”

మళ్లీ ‘ఇం’. బయట హారన్. “ఏందే పోరీ, వస్తవా, యాటను కూర వండినంక వస్తవా?” అని మామ కేక.

ఇంకోసారి ‘ఇం’ మీదే పడింది. చెయ్యెత్తేశాను. సార్ మొహం వెలిగింది. గొళ్లెం తీశాడు.

మంగళవారం వచ్చి చెప్పాడు. “నౌకరీ రాలే. నేను అంటుంటే నవ్విండ్రు. వాళ్లకే వస్తలేదు బిడ్డా, నీ చెవి అబద్ధం చెప్తదా?”

ఆ తర్వాత మూడేళ్లు మేమందరం ‘ఇం’ దగ్గరే బల్ల గుద్దాం. అందరికన్నా గట్టిగా నేనే.

ఇప్పుడు ఆ గది లేదు, అక్కడ మొబైల్ దుకాణం. మామ ఆటో అమ్మేశాడు, అమ్మమ్మ పోయింది, పిల్లలకు మాటలు ఫోనే పలికి వినిపిస్తోంది. మొన్న బస్సు డిపోలో సార్ కనిపించి, ‘ఇంపాజిబుల్’ అని ‘పా’ మీద బరువేసి పలుకుతున్న తన ఫోన్ నా చెవికి ఆనించాడు. “గీ ఫోన్ల గూడ తప్పే చెప్తున్నరు, గదా?”

ధైర్యం తెచ్చుకున్నాను. “లేదు సార్. ఫోనే కరెక్టు. అప్పుడు నేనే అబద్ధం చెప్పిన.”

సార్ నా వంక జాలిగా చూశాడు.

“ఫోన్లు వినీ వినీ నీ చెవి గూడ ఖరాబైంది బిడ్డా.”